సినిమా డీవీడీకి నకలు - ఎలా? ఎంతవరకు?



ఇష్టపడి కొనుక్కున్న సినిమా, అక్క పెళ్ళి వీడియో, పాఠశాల వార్షికోత్సవం - ఇవి ఇప్పటికీ చాలా ఇళ్ళలో డీవీడీల రూపంలోనే ఉన్నాయి. డిస్క్ పాడైతే బొమ్మ పోతుంది. అందుకే ముందుగానే మరో ప్రతి తీసి దాచుకుంటారు. దీనినే బ్యాకప్ అంటారు. అది ఎలా జరుగుతుందో, మనం ఎక్కడ ఆగాలో తెలుసుకుందాం.

డీవీడీ నిర్మాణం

డీవీడీ 1996లో జపాన్‌లో మొదటిసారి మార్కెట్లోకి వచ్చింది. దీని వ్యాసం 12 సెం.మీ., మందం 1.2 మి.మీ. రెండు పలుచని ప్లాస్టిక్ పలకలను అతికించి దీనిని తయారుచేస్తారు. సినిమా డిస్కులలో సమాచారం ఆ పలకల మధ్య అతి చిన్న గుంటల రూపంలో ఉంటుంది. ఎర్రని లేజర్ కిరణం దానిని చదువుతుంది. అడుగువైపు పడిన చిన్న గీత సమాచారాన్ని చెరపదు, కిరణాన్ని అడ్డుకుంటుంది. ఒక పొర డిస్క్‌లో 4.7 జీబీ, రెండు పొరల డిస్క్‌లో 8.5 జీబీ సమాచారం పడుతుంది.

సాఫ్ట్‌వేర్ చేసే పనులు

1. చదవడం: డిస్క్‌లోని సమాచారాన్ని కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోకి తెస్తుంది.

2. కుదించడం: 4.7ను 8.5తో భాగిస్తే సుమారు 0.55 వస్తుంది. అంటే నిండుగా ఉన్న రెండు పొరల డిస్క్‌ను ఒక పొర డిస్క్‌లో పట్టించాలంటే 45 శాతం తగ్గించాలి. 2000 దశకంలో 'డీవీడీ ష్రింక్' అనే సాఫ్ట్‌వేర్ ఈ పనికి పేరుపొందింది. అదనపు దృశ్యాలు, అక్కరలేని భాషల ఆడియో తీసేస్తే బొమ్మ నాణ్యత అంతగా తగ్గదు.

3. రాయడం: ఖాళీ డిస్క్‌పై రాస్తుంది. దీనిని 'బర్నింగ్' అంటారు. తరువాత 'వెరిఫై' చేస్తే కాపీ సరిగా వచ్చిందో లేదో తెలుస్తుంది.

తాళం - చట్టం

చాలా సినిమా డీవీడీలకు 'సీఎస్ఎస్' అనే రహస్య సంకేతపు తాళం ఉంటుంది. 1999లో ఈ తాళం తీసే 'డీసీఎస్ఎస్' ప్రోగ్రాం బయటికి వచ్చింది. అందులో పాలుపంచుకున్న నార్వే యువకుడు యోన్ లెక్ యోహాన్సన్‌పై కేసు పెట్టారు. 2003లో అక్కడి న్యాయస్థానాలు అతడిని నిర్దోషిగా ప్రకటించాయి. అమెరికాలో మాత్రం డీవీడీ కాపీ సాఫ్ట్‌వేర్ అమ్మిన '321 స్టూడియోస్' 2004లో కోర్టులో ఓడిపోయి, అదే ఏడాది మూతపడింది.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో 65ఎ సెక్షన్ చేర్చారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా ఉంటాయి. కాపీలు తీసి అమ్మితే 63వ సెక్షన్ కింద 6 నెలల నుండి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చేతిఖర్చుల కోసం ఈ పని చేద్దామని ఎవరైనా పిలిస్తే వెళ్ళకండి. కేసు నమోదైతే రేపటి ఉద్యోగానికే ముప్పు.

మనం చేయవలసినది

మన ఇంటి వీడియోలకు సాధారణంగా తాళం ఉండదు. వాటిని ముందుగా కాపీ చేయండి. ఇంట్లో బర్న్ చేసే డిస్కులలో సమాచారం రంగు పొరలో ఉంటుంది. ఎండకు, వేడికి అది పాడవుతుంది. కనుక ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, మరొకటి పెన్‌డ్రైవ్‌లో, వేరువేరు చోట్ల ఉంచండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ దాదాపు కనిపించడం లేదు. డ్రైవ్ ఉన్న కంప్యూటర్ దొరికినప్పుడే ఈ పని పూర్తిచేయండి. మన జ్ఞాపకాలను కాపాడుకుందాం, ఇతరుల శ్రమను గౌరవిద్దాం.