రిలీవరుకు చెప్పాల్సిన మాట

ముక్త్యాల, జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. షిఫ్టు డ్యూటీ అంటే ఏమిటో ఇక్కడి పిల్లలకూ తెలుసు. ఐటీఐ, డిప్లొమా చదివిన కుర్రాళ్లకు కోనసీమ రిగ్గు మీదో, గల్ఫ్‌లోనో ఉద్యోగం దొరికితే ఇంటిల్లిపాదికీ సంబరం.

అలా వెళ్లిన కొడుకు ప్రమాదంలో పోతే ఫొటోకు దండ వేసి త్యాగమూర్తి అంటాం. నేను ఒప్పుకోలేను. అతను ప్రాణమివ్వడానికి వెళ్లలేదు. జీతం తెచ్చి అప్పు తీరుద్దామని, సెలవు దొరికితే పండక్కి వద్దామని వెళ్లాడు. అతన్ని తలచుకోవాలంటే ముందు అతని పనిని అర్థం చేసుకోవాలి.

ఆ పనిలో ఒక్క మాట అందకపోతే ఏమవుతుందో చూడండి. ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక ఉండేది. 1988 జులై 6న అక్కడ ఒక పంపుకున్న సేఫ్టీ వాల్వును మరమ్మతుకు విప్పారు. సాయంత్రానికి పని పూర్తి కాక, పైపు మూతికి తాత్కాలికంగా బిళ్ల బిగించి వదిలేశారు. వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టుకు అందలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వాళ్లు వాల్వు విప్పిన ఈ పంపును నడిపారు. గ్యాసు లీకై పేలింది. 167 మంది చనిపోయారు. బతికింది 61 మంది. లార్డ్ కల్లెన్ విచారణ జరిపి 1990లో 106 సిఫార్సులు చేశారు. అబర్డీన్‌లోని స్మారకంలో ముగ్గురు కార్మికుల విగ్రహాలున్నాయి. వాటిలో ఒకటి యవ్వనానికి గుర్తు.

చేయాల్సిన పని మిగిలిపోయిందని చెప్పడం మనకెందుకంత కష్టం? చేతకానివాడంటారని భయం. బస్సు వెళ్లిపోతుందని తొందర. అవతలివాడికి తెలిసే ఉంటుందన్న ధీమా. కొత్తగా చేరిన కుర్రాడికైతే సీనియర్‌ని అడగాలంటే నోరు రాదు. ఇది ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగే అలవాటు కాదు. అమ్మకు మధ్యాహ్నం మాత్ర వేశామో లేదో తమ్ముడికి చెప్పకుండా బండెక్కేదీ మనమే.

లాగ్‌బుక్‌లో రాసి వెళ్లిపోతే సరిపోదు. తర్వాతి షిఫ్టుకు వచ్చే రిలీవరుకు ఎదురుగా చెప్పాలి. విన్నది అతనిచేత తిరిగి చెప్పించుకోవాలి. ఛార్జి తీసుకునేవాడు "ఏది పూర్తి కాలేదు? దేన్ని ముట్టుకోకూడదు?" అని సిగ్గుపడకుండా అడగాలి. జవాబు సరిగా రాకపోతే మెషీన్ ఆన్ చేయకూడదు. ఎవరు విసుక్కున్నా సరే.

పోయిన కుర్రాడి సంవత్సరీకానికి భోజనాలు పెట్టండి, తప్పకుండా పెట్టండి. అతని స్నేహితులు మాత్రం ఆ వారం తమ ప్లాంటులో కొత్తగా చేరినవాణ్ణి వెంట తీసుకెళ్లి, ఏ వాల్వు విప్పి ఉందో దగ్గరుండి చూపించాలి.