మనుషుల్ని పెంచితే పని ముందుకెళ్తుందా?

ప్రశ్న: ఐదుగురు ఇంజనీర్ల టీమ్‌కి లీడ్‌ని. ప్రాజెక్టు ఆలస్యమైంది. మేనేజర్‌గారు ఇంకో ఐదుగురిని ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఈ దశలో వద్దండి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే ఆలస్యం మరింత పెరుగుతుందని, ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. ఐదుగురి మధ్య మాటలు నడవాల్సిన జతలు 10, పదిమందైతే 45. పైగా కొత్తవాళ్లకు కోడ్ నేర్పేదెవరు? పని బాగా తెలిసినవాళ్లే. అంటే ముందు ఆగేది వాళ్ల చేతిలోని పనే.

అలాగని ఉత్తి ‘వద్దు’తో మేనేజర్ దగ్గరికి వెళ్లకండి. ఏ ఫీచర్లు రెండో విడతకు వాయిదా వేయొచ్చో రాసుకెళ్లండి. టెస్టింగ్‌లో విడిగా అప్పగించగల పని ఉంటే ఒకరిద్దరిని అడగండి. తేదీ మారేలా ఉంటే క్లయింట్‌కి ఈ వారమే చెప్పించండి.