చదరంగపు గడుల సంఖ్య

చదరంగపు పలకయందలి 64 గడులలో మొదటిదానియం దొక గింజయు, రెండవదానియందు రెండును, మూడవదానియందు నాలుగును, ఇట్లు గడిగడికి రెట్టింపుగా నుంచినచో మొత్తమెన్ని గింజలగును? ఈ ప్రశ్నకు సమాధానము నిమిడ్చిన పద్య మొకటి పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమై యున్నది. 9వ శతాబ్దమునందలి మహావీరాచార్యుల సంస్కృత గణితగ్రంథమును తెనిగించిన కవి యితడే. పద్యమున అంకెలకు మాఱుగా మాటలుండును. శశి యనగా 1, వేదము లనగా 4, శరము లనగా 5, గగన మనగా 0. వానిని ఏకస్థానము మొదలుకొని యెడమవైపునకు వ్రాసిన 1,84,46,74,40,73,70,95,51,615 వచ్చును.

ఇది నిజమేయని యెఱుగుటకు 64 సంఖ్యలను కూడ నక్కఱలేదు. మన నెల్లూరి మొలగొలుకుల గింజ నొకదానిని బదులు తెచ్చి మొదటి గింజతో చేర్పుడు, రెండగును. రెండవ గడిలోని రెంటితో నాలుగగును. మూడవ గడిలోని నాల్గింటితో ఎనిమిదగును. ఇట్లు కడపటి గడి ముగియునప్పటికి, 64 రెండులను వరుసగా గుణించిన లబ్ధము వచ్చును. బదులు తెచ్చిన గింజను తిరిగి యిచ్చివేసిన, మిగిలినదే మల్లన సంఖ్య.

ఇక దీని కారణాంకములను చూతము. కడపటి యంకె 5 గనుక 5చేతను, అంకెల మొత్తము 87 గనుక 3చేతను ఇది నిశ్శేషముగా భాగింపబడును, 9చే భాగింపబడదు. తక్కినవానికి, ఒక సంఖ్యయొక్క వర్గమునుండి 1 తీసివేసిన, ఆ సంఖ్యకు ఒకటి యెక్కువదానిని ఒకటి తక్కువదానిచే గుణించిన లబ్ధమే వచ్చునను సూత్రము చాలును. దానిని మరల మరల ప్రయోగింపగా మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆఱింటి లబ్ధమని తేలును.

వీనిలో మొదటి యైదును ప్రధానసంఖ్యలు. ఈ వరుసలోని వన్నియు నట్టివేయని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు ఫెర్మా విశ్వసించెను. కాని 1732లో ఆయిలరు ఆఱవదానిని 641, 6700417 అను రెండు ప్రధానసంఖ్యలుగా విడదీసెను. ఐదు ఉదాహరణములు సరిపడినంతమాత్రమున సూత్రము స్థిరపడదు; గొప్పవాడు చెప్పినంతమాత్రమునను స్థిరపడదు. విద్యార్థులారా, ఆ గుణకారమును మీరును చేసి చూడుడు. పలకయు బలపమును చాలును.

కావున మన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకములు, ఒక్కొక్కటి యొక్కమాఱే కలవు. ప్రతిదానిని తీసికొనవచ్చును, విడువవచ్చును గనుక, దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు, 1యు ఆ సంఖ్యయు చేరి, 128. పలకమీద మొదటి వరుస చివర నున్న యెనిమిదవ గడిలోని గింజలెన్నియో లెక్కించి చూచుకొనుడు!