ధ్వని మార్పిడి

చేతిలో ఇమిడే ఆటయంత్రంలో దృశ్యం కంటిని ఆకర్షిస్తే, ధ్వని మనస్సును లీనం చేస్తుంది. ఆ ధ్వనిని తొలగించి మరొకదానిని నిలపడం ఓర్పుతో కూడిన విద్య.

నెల్లూరు తీర ప్రాంతంలోని చిల్లకూరు విద్యార్థి ఒకడు, తాను స్వయంగా రికార్డు చేసిన సముద్రఘోషను నింటెండో డి.ఎస్. ఆటలో చేర్చదలచాడనుకుందాం. 2004లో వెలువడిన ఆ యంత్రపు ప్రధాన మెమొరీ 4 మెగాబైట్లు మాత్రమే. సెకనుకు 16,000 నమూనాల చొప్పున, ఒక్కొక్కటి 16 బిట్లుగా నమోదు చేస్తే, ఒక్క సెకను ధ్వనికే 32,000 బైట్లు కావాలి. నమూనాను 4 బిట్లకు కుదిస్తే దాదాపు 8,000 బైట్లు చాలు.

కనుక అతడు ముందుగా అసలు ఫైలుకు నకలు తీసి భద్రపరచాలి. పిదప కొత్త ధ్వనిని పాతదాని రూపంలోకి, దాని పరిమాణాన్ని మించకుండా మార్చి, అదే స్థానంలో ఉంచాలి. ధ్వని ముగిసే చోటు మొదలయ్యే చోటుతో కలవకపోతే, ప్రతి ఆవృత్తిలోనూ టక్కుమనే చప్పుడు వినిపిస్తుంది.

రికార్డు చేసిన ధ్వని అతనిది. ఆట దాని నిర్మాతలది. మార్చిన ఆటను అనుమతి లేకుండా పంచడాన్ని 1957 నాటి కాపీరైటు చట్టం అంగీకరించదు. పరుల సృష్టిని గౌరవించినప్పుడే స్వీయ సృజనకు సార్థకత.

అర్థాలు: ఘోష = హోరు; ఆవృత్తి = మరల మరల జరగడం.

ప్రశ్న: ధ్వని పరిమాణాన్ని ఎందుకు కుదించాలి?