గేర్‌బాక్స్ విప్పి బిగించే విద్య

పంజగుట్ట చౌరస్తా నుంచి ఖైరతాబాద్ దాకా సాయంత్రం పూట కారు నడిపేవాళ్లకు తెలుసు: పది అడుగులు కదలడం, ఆగడం, మళ్లీ పది అడుగులు. ఆటోమేటిక్ కారులో ఎడమ కాలికి పని ఉండదు. ఆ పని గేర్‌బాక్సే చేస్తుంది. ఆగి కదిలిన ప్రతిసారీ లోపల ఆయిల్ కాగుతుంది, ప్లేట్లు రాసుకుంటాయి. అలా అరిగిన పాత హ్యుందాయ్ ఐ10 నాలుగు గేర్ల పెట్టె ఒకటి ఎర్రమంజిల్‌లో ఒక ఇంటి పోర్టికోలోనే తిరిగి పనిలో పడుతోంది. చేసే ఉస్తాద్ ఈ విద్యలో తల పండినవాడు. సాయానికి ఒక కుర్రాడు. పని మొత్తం ఐదు రోజులు.

పానా పట్టకముందే రోగం తేలాలి. ‘డి’లో వేశాక కారు అందుకోవడానికి రెండు సెకన్లు పడుతోంది. రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ గొంతు పెరుగుతుంది గాని కారు వేగం పెరగదు. ఈ పెట్టెలో మూడు క్లచ్‌లు, రెండు బ్రేకులు ఉంటాయి. ఒక్కో గేరుకు వీటిలో ఏవో రెండు పట్టుకోవాలి. మూడో గేరులో కొత్తగా పట్టుకునేది ఓవర్‌డ్రైవ్ క్లచ్. అంటే అరిగింది అదే. ‘డి’లో వేశాక వచ్చే ఆలస్యానికి అండర్‌డ్రైవ్ క్లచ్ రబ్బరు సీళ్లు గట్టిపడడం కారణమై ఉంటుంది. ఉస్తాద్ డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లబడింది, మాడు వాసన కొడుతోంది. రోగం ఖాయమైంది.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, కారును జాకీతో లేపి నాలుగు స్టాండ్ల మీద నిలబెడతారు. జాకీని నమ్మి కిందికి దూరడం ఉస్తాద్ దగ్గర కుదరదు. డ్రెయిన్ బోల్టు విప్పితే వచ్చేది మొత్తం ఆయిల్‌లో సగం మాత్రమే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో నిలిచి ఉంటుంది. తీసిన ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇస్తారు. ఇక్కడి నాలాలో పోస్తే అది చేరేది హుస్సేన్‌సాగర్‌కే.

రెండు ముందు చక్రాలు, డ్రైవ్ షాఫ్ట్‌లు, వైరింగ్ కనెక్టర్లు, స్టార్టర్ మోటారు వరసగా బయటికి వస్తాయి. ప్రతి కనెక్టర్‌కూ కుర్రాడు టేపు మీద అంకె వేసి అంటిస్తాడు. ఇంజిన్‌ను పైనుంచి బార్‌తో వేలాడదీశాక, కన్వర్టర్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచే బోల్టులు ఒక్కొక్కటిగా విప్పుతారు. పెట్టెను కన్వర్టర్‌తో సహా ట్రాలీ జాకీ మీదికి నెమ్మదిగా దించుతారు. ఇక్కడికి మొదటి రోజు ముగుస్తుంది.

రెండో రోజు పెట్టె బల్ల ఎక్కుతుంది. ముందు వాల్వ్ బాడీ, తర్వాత ఆయిల్ పంపు, క్లచ్ డ్రమ్ములు, ప్లానెటరీ గేర్లు వస్తాయి. మధ్యలో ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టిన పళ్ల రింగు కలిస్తే ఒక ప్లానెటరీ సెట్టు. వీటిలో ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని తిప్పడం వల్లే గేరు మారుతుంది. ఆపే పని, కలిపే పని క్లచ్‌లదీ బ్రేకులదీ. తీసిన ప్రతి భాగాన్నీ తీసిన వరసలోనే తెల్ల గుడ్డ మీద పేరుస్తారు, ప్రతి దశకూ సెల్‌ఫోన్‌లో ఫొటో ఉంటుంది. బేరింగ్ ఏ ముఖం పైకి ఉందో కూడా ఆ ఫొటోలో కనిపించాలి.

తర్వాత కడుగుడు. ముందు కిరోసిన్, ఆ పైన బ్రేక్ క్లీనర్, చివర కంప్రెసర్ గాలి. మెకానిక్ షెడ్లలో చేతులు తుడుచుకునే బనియన్ వేస్ట్ ఈ బల్ల దగ్గరికి రాకూడదు. దాని నూలు పోగు ఒక్కటి వాల్వ్‌లో ఇరుక్కున్నా చేసిన పనంతా వృథా. ‘గేర్‌బాక్స్‌ను చంపేది తిరిగిన కిలోమీటర్లు కాదు సార్, మురికి’ అంటాడు ఉస్తాద్.

కడిగిన భాగాలను పరీక్షిస్తారు. క్లచ్‌లో రెండు రకాల ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. కాగితంలాంటి పదార్థం అతికించినవి ఫ్రిక్షన్ ప్లేట్లు, నున్నటివి స్టీల్ ప్లేట్లు. ఓవర్‌డ్రైవ్ క్లచ్ ఫ్రిక్షన్ ప్లేట్లు నల్లగా మాడి ఉన్నాయి, గోటితో గీస్తే పొర ఊడుతోంది. స్టీల్ ప్లేటును అద్దం పలక మీద పెట్టి చూస్తే అంచు లేస్తోంది, అక్కడక్కడా నీలం మచ్చలు కనిపిస్తున్నాయి. అవి వేడికి వంగిన గుర్తులు. పిస్టన్ సీళ్లు ప్లాస్టిక్‌లా బిగుసుకుపోయాయి. ప్లానెటరీ గేర్ల పళ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

మూడో రోజు సామాను. ఆయిల్ సీళ్లు, బేరింగులు రాణీగంజ్‌లో దొరుకుతాయి. ప్లేట్లూ ఓవర్‌హాల్ కిట్టూ ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి కొరియర్‌లో ముందే వచ్చాయి. ఇంట్లో చేయలేనిది ఒక్క టార్క్ కన్వర్టర్. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ప్రవాహంతో గేర్‌బాక్స్‌కు అందించే ఈ గుండ్రటి డబ్బా జర్మన్ ఇంజనీర్ హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం కనిపెట్టిన సాధనం నుంచి వచ్చింది. దీన్ని లేతు మీద కోసి, లోపలి లాకప్ లైనింగ్ మార్చి, వెల్డింగ్ చేసి, లీకూ బ్యాలెన్సూ చూసి ఇచ్చే షాపుకే పంపాలి.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను పొడిగా బిగించకూడదు. పళ్లెంలో కొత్త ఆయిల్ పోసి కనీసం రెండు గంటలు నానబెడతారు. పొడి ప్లేటు మొదటి పట్టులోనే మాడుతుంది. ఈలోగా పిస్టన్లకు కొత్త సీళ్లు ఎక్కిస్తారు. సీలు పెదవి మడత పడకుండా పలుచని ప్లాస్టిక్ ముక్కతో చుట్టూ సర్ది వేలితో నొక్కుతారు. ఉస్తాద్ చూపు ఈ పని మీద ఉన్నంతసేపు పోర్టికోలో మాట వినిపించదు.

ప్లేట్లు పేర్చి సర్‌క్లిప్ బిగించాక ఫీలర్ గేజ్‌తో సందు కొలుస్తారు. ఈ సందు మామూలుగా 1 నుంచి 2 మి.మీ. మధ్య ఉంటుంది. సరైన అంకె ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. ఎక్కువైతే పట్టు ఆలస్యం, తక్కువైతే ప్లేట్లు ఎప్పుడూ రాసుకుంటూ మాడిపోతాయి. తేడా వస్తే మరో మందం సర్‌క్లిప్ వేసి మళ్లీ కొలుస్తారు. ఆపైన ఆయిల్ వెళ్లే రంధ్రంలో 40 పీఎస్‌ఐ గాలి కొడతారు. ‘ఠప్’మని పిస్టన్ కదిలితే సీలు సరిగా కూర్చున్నట్టు. బుస్సుమంటే మళ్లీ విప్పాలి.

నాలుగో రోజు ఉదయమంతా వాల్వ్ బాడీకే. ముగ్గు గీతల్లా మెలికలు తిరిగిన కాల్వల పలక ఇది. ఏ క్లచ్‌కు ఎప్పుడు ఆయిల్ వెళ్లాలో ఇక్కడే తేలుతుంది. ప్రతి వాల్వూ తన బరువుకే జారి రావాలి. సోలెనాయిడ్లను మీటరుతో చూస్తారు. ఈ తరహా పెట్టెల్లో రెసిస్టెన్స్ సుమారు 3 ఓమ్‌లు. చిన్న ఉక్కు గోళీలను, థ్రస్ట్ బేరింగులను జారకుండా నిలబెట్టేది వ్యాసెలీన్. అది వేడి ఆయిల్‌లో కరిగిపోతుంది. చక్రాల గ్రీజు కరగదు, ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. బోల్టులను మధ్యలోంచి అంచుల వైపు, టార్క్ రెంచ్‌తో 10–12 న్యూటన్ మీటర్లకు బిగిస్తారు.

పెట్టె మూసేముందు షాఫ్ట్ ఎంత ముందుకూ వెనక్కూ ఆడుతుందో డయల్ గేజ్ చెబుతుంది. తర్వాత కన్వర్టర్. లోపల ఒక లీటరు ఆయిల్ పోసి, నెమ్మదిగా తిప్పుతూ నెడితే అంచెలంచెలుగా కూర్చుంటుంది. చివరిది పంపు గాడి. అది అందకుండా ఇంజిన్‌కు బిగిస్తే పంపు పగులుతుంది. కుర్రాడు బోల్టు అందుకోబోతే ఉస్తాద్ ఆపుతాడు: ‘జర ఆగు బేటా, కొలిచినంక బిగియ్యి.’ స్కేలు అడ్డం పెట్టి లోతు కొలిచాకే పెట్టె కారు కిందికి వెళ్తుంది. అంతకుముందే కూలర్‌నూ గొట్టాలనూ కడిగి గాలి కొడతారు. పాత ప్లేట్ల పొడి అక్కడ మిగిలితే కొత్త ప్లేట్లకూ అదే గతి పడుతుంది.

ఐదో రోజు ఆయిల్ పోయడం. తయారీదారు చెప్పిన ఎస్‌పీ-3 రకమే పోయాలి, మరొకటి కలపరాదు. నాలుగు లీటర్లు పోసి ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి లీవరును ‘పీ’ నుంచి చివరిదాకా, మళ్లీ వెనక్కి, ప్రతి స్థానంలో కాసేపు నిలుపుతూ జరుపుతారు. మిగతాది కొంచెం కొంచెంగా పోస్తారు. ఆయిల్ 70–80 డిగ్రీలకు చేరాక, ఇంజిన్ నడుస్తుండగా డిప్‌స్టిక్ మీద ఆయిల్ ‘హాట్’ గుర్తు దగ్గర ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు చూసిన లెక్క చెల్లదు.

కారు కంప్యూటర్‌లో నిలిచిన పాత గేరు అలవాట్లను స్కానర్‌తో చెరిపేశాక కారు రోడ్డెక్కుతుంది. పంజగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతూ రెండు, మూడు, నాలుగు. ఇంజిన్ గొంతు ఎక్కడా ఎగరలేదు. ‘డి’లో వేయగానే కారు అందుకుంటోంది. తిరిగొచ్చి కింద లీకు చూస్తారు. లేదు.

లెక్క ఇది. కిట్టు, ప్లేట్లు, బేరింగులు 18,000 రూపాయలు. కన్వర్టర్ పని 9,000. ఆయిల్ 8 లీటర్లు 4,800. మజూరీ 15,000. మొత్తం 46,800. కొత్త పెట్టె లక్ష దాటుతుంది.

ఇంతటి నేర్పుతో నిలబెట్టిన పెట్టెను కాపాడుకోవడం మాత్రం కారున్న ఎవరికైనా చేతనయ్యే పని. ఈ ట్రాఫిక్‌లో తిరిగే కారుకు 40,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చండి. సిగ్నల్ ఎత్తు మీద ఉంటే యాక్సిలరేటర్‌తో కారును ఆపి ఉంచకండి, బ్రేకు తొక్కండి. కారు పూర్తిగా ఆగాకే రివర్స్ వేయండి. నిలిపేటప్పుడు ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాత ‘పీ’. గేరు జారుతున్నట్టు అనిపించిన రోజే ఆయిల్ రంగు చూడండి. ఆయిల్‌తో పోయేది వేలల్లో, ఆలస్యం చేస్తే పోయేది అర లక్ష.