రాత్రి డ్యూటీలో ఉన్న వార్డర్‌కు

జైలు ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి తాళాలు వేయడం, తలల లెక్క, గేటు తనిఖీ తొందరగానే పట్టుబడతాయి. మనిషిని కనిపెట్టి చూడటం అంత సులువుగా రాదు. రిమాండ్ మీద లోపలికి వచ్చిన మొదటి గంటలు, మొదటి రోజులు ఆత్మహత్యకు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. శిక్ష పడిన రోజు, బెయిల్ కొట్టేసిన రోజు, ములాఖత్‌కు వస్తామన్నవాళ్ళు రాని రోజు కూడా అంతే. కోర్టు నుంచి తిరిగొచ్చిన మనిషిని జేబులు తడిమి బ్యారక్‌కు పంపేయకండి. ఏమైందని అడగండి. అనుమానం వస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు.

అవునంటే వెంటనే జైలర్‌కు, డాక్టర్‌కు చెప్పండి. ఒంటరి సెల్లో పెడితే ప్రమాదం పెరుగుతుందే గాని తగ్గదు. నమ్మకమైన తోటి ఖైదీని తోడుంచవచ్చు, కానీ కాపలా బాధ్యత మీదే.

ఇక రిజిస్టర్. రాత్రి రౌండ్లన్నీ తెల్లవారుజామున ఒకేసారి రాసేయడం కంటే చెడ్డ అలవాటు ఈ ఉద్యోగంలో లేదని నా నమ్మకం. చూసినప్పుడే, చూసిన టైముతోనే రాయండి. ‘అంతా మామూలే’ అని కాదు. ‘అన్నం ముట్టలేదు, పిలిస్తే పలకలేదు’ అని రాయండి. డ్యూటీ మారేటప్పుడు ఆ మాటే నోటితోనూ చెప్పండి. తర్వాత వచ్చేవారు ఆ సెల్ ముందు మరో నిమిషం ఆగేది దానివల్లే.

ఎంత చూసుకున్నా ఒక ప్రాణం పోతే, కస్టడీ మరణం పోలీసు పంచనామాతో ముగియదు. మెజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. 2024 జూలై నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్ కింద జరుగుతోంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో తెలియజేయాలి. కదలిక లేని మనిషి కనిపిస్తే, ఊపిరి ఉందేమో చూసి, డాక్టర్‌ను పిలవడమే మీ మొదటి పని. ఆ తర్వాత సెల్లో వస్తువులు కదిలించకండి, రిజిస్టర్‌లో ఒక్క అక్షరం దిద్దకండి. మరిచిపోయింది గుర్తొస్తే, రాస్తున్న టైము వేసి కింద విడిగా రాయండి. ఇంటివాళ్ళకు కబురు టీవీలో కాదు, జైలు నుంచే అందాలి. గేటు దగ్గర వాళ్ళను గంటలతరబడి నిలబెట్టవద్దని పై అధికారిని గట్టిగా అడగండి.

ఆ మరణాన్ని మొదట చూసిన వార్డర్‌కు మరుసటి రాత్రి అదే బ్లాకులో డ్యూటీ వేయడం అన్యాయం. మార్చమని అడగండి. నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.