నైవేద్యము – చేతి కొలత

గృహస్థాశ్రమము తక్కిన ఆశ్రమములకెల్ల ఆధారమని మనుస్మృతి తృతీయాధ్యాయమున చెప్పబడినది. బ్రహ్మచారికిని సన్న్యాసికిని అన్నము పెట్టువాడు గృహస్థుడే గదా! కాని ఆ అన్నము ఎవరి చేతుల మీదుగా వచ్చుచున్నదను విచారము మన ఉపన్యాసములలో అంతగా కానరాదు. నేనును పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా ఆ ప్రకరణమును అర్థతాత్పర్యములతో చెప్పితినే కాని, వంటయింటి గడప దాటి చూచినవాడను కాను.

ఆ ప్రకరణముననే పంచసూనలు చెప్పబడినవి. సూన యనగా వధస్థానము. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీటికుండ – ఇవియే ఆ ఐదును. వీనివలన గృహస్థునింట తెలియకయే క్రిమికీటకములు ప్రతిదినము నశించుచుండును. ఆ దోషము పోవుటకు పంచమహాయజ్ఞములు విధింపబడినవి. వేదము చెప్పుట బ్రహ్మయజ్ఞము. తర్పణము పితృయజ్ఞము. హోమము దేవయజ్ఞము. ప్రాణికోటికి బలి వేయుట భూతయజ్ఞము. అతిథిని పూజించుట మనుష్యయజ్ఞము.

ఇచట పాఠకులు ఒక్క విషయము గమనింపవలెను. ఈ ఐదింటిలో నోటితో నెరవేరునది మొదటిది యొక్కటే. తక్కిన నాలుగింటికి చేయి కావలెను. అందు మూడింటికి ఇంట వండిన అన్నము కావలెను. వడ్డించు క్రమమునందును శాస్త్రకారుని దృష్టి ఎంత సూక్ష్మమైనదో చూడుడు. క్రొత్తగా పెండ్లియైన ఆడుపడుచులకు, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటెను ముందుగా, సంకోచింపక పెట్టుమనెను. ఇంటివారందరును తినిన పిమ్మటనే దంపతులు మిగిలినది భుజింపవలెను. మా ఇంట ఈ విధిలో రెండవ సగమును చిరకాలము ఒక్కరే పాటించిరి. ఆ ఒక్కరు నేను కాను.

ఇక చేతిపనులను కేవలము శ్రమగా తలచుట కూడ శాస్త్రసమ్మతము కాదు. వాత్స్యాయనుడు కామసూత్రములలో అరువదినాలుగు కళలను లెక్కించినాడు. ఆ గ్రంథనామము వినగనే మొగము త్రిప్పుకొనువారు ఆ పట్టికనైనను చదువుట మంచిది. గీతవాద్యనృత్యముల సరసనే, బియ్యముతోను పూలతోను భూమిపై ఆకృతులు తీర్చుట, మాలలు గ్రుచ్చుట, కుట్టుపని, నానావిధములైన కూరలును భక్ష్యములును సిద్ధపరచుట కళలుగా చెప్పబడినవి. మన వాకిటి ముగ్గు ఈ కళకు దగ్గరి చుట్టమే. బియ్యపుపిండితో పెట్టినచో అది భూతయజ్ఞమును అగును. చీమలు తిని పోవును. రాతిపిండి ముగ్గు కంటికి తెల్లగనే యుండును గాని, చీమ దానిని ముట్టదు.

వంట స్త్రీల పనియే యని పలుకు పురుషులకు భారతమునుండి ఇద్దరిని చూపవచ్చును. విరాటుని కొలువున భీముడు వంటశాలలో నుండెను. ఋతుపర్ణుని కడ నలుడు బాహుకుడను పేర వికృతరూపముతో నుండెను. దమయంతి అతనిని కంటితో గుర్తింపజాలక, కేశిని యను చెలికత్తెను పంపి, అతడు వండిన పదార్థమును తెప్పించుకొని రుచి చూచెను. పూర్వము పలుమారులు తినిన చేతివంట గనుక నలుడే యని నిశ్చయించుకొనెను. రూపము మారినను చేయి మారలేదు! నేనీ కథను బాలురకు ఎన్నిసార్లు చెప్పితినో లెక్కలేదు. అందలి అర్థము నాకు తెలిసినది మాత్రము రెండేండ్ల క్రిందటనే.

ఆ యేడు మా గృహిణికి కుడి మణికట్టు విరిగినది. కట్టు విప్పిన పిమ్మటను చేతికి పూర్వపు పట్టు రాలేదు. అంతవరకు మా దేవునియెదుట వెలిగిన వత్తులన్నియు ఆమె చేసినవే. గింజ తీసిన ప్రత్తిని వేళ్ళతో సాగదీసి, కొంచెము విభూతి అద్దుకొని, నలిపి చేయును. కార్తికపూర్ణిమకు మూడువందల అరువదియైదు వత్తులు లెక్కించి కట్ట కట్టును. నేను అంగడినుండి వత్తుల పొట్లము తెచ్చితిని. నైవేద్యమునకు అరటిపండ్లు తెచ్చితిని. పత్రమో, పుష్పమో, ఫలమో, జలమో భక్తితో నిచ్చిన చాలునని గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడే చెప్పెను గదా యంటిని. ఆ మాట సత్యమే. కాని నేను దానిని నా సోమరితనమునకు గొడుగుగా పట్టితిని. ఆమె మారుపలుకలేదు; పండు నివేదించిన పళ్ళెరమువంక మాత్రము చూచుచుండెడిది.

ధనుర్మాసము వచ్చినది. పులిహోర నేనే చేయుదునంటిని. ఆమె పీటపై కూర్చుండి చెప్పగా చేసితిని. పావుకిలో బియ్యమునకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, చిక్కని గుజ్జు తీసి, పసుపు, పచ్చిమిరపకాయలు వేసి, నువ్వులనూనెలో నూనె పైకి తేలువరకు ఉడికించుట, అన్నమును మెదగనీయక వెడల్పు పళ్ళెములో ఆరబోసి, వేడిమీదనే కరివేపాకు చల్లుట, పోపు పెట్టుట, తుదకు ఆవ నూరి కలుపుట. అంతయు వ్రాసికొంటిని. ఉప్పు దగ్గర కలము ఆగినది.

“ఉప్పెంత?” అంటిని.

“చేతికి తెలుస్తుందండీ” అనెను.

దేవునికి నివేదింపనిదే రుచి చూడరాదు. నలుబదియేండ్లు ఆమె రుచి చూడకయే ఉప్పు వేసినది. ఏనాడును తప్పలేదు. నాకు కంఠస్థమైన గ్రంథములలో ఎక్కడను లేని విద్య అది. వ్రాతకు లొంగదు. ఆ చేయి పట్టు తప్పినచో, మరియొక చేతికి చేరనిచో, అంతటితో పోవును. ఆనాటి పులిహోర ఉప్పుకషాయము. దేవుడేమియు ననలేదు. మా మనుమరాలు మాత్రము, “తాతయ్యా, దేవుడికి ఇదే పెట్టావా?” అని అడిగెను.

మరునాడు ఆమె నా చెంచాను ప్రక్కకు త్రోసి, “చేత్తో తియ్యండి” అనెను. కల్లుప్పును నా అరచేత పోయించి, తన ఎడమచేతితో నా వ్రేళ్ళను ముడిచి, కొంత జారవిడిపించి, “ఇంత” అనెను. అట్లు పండ్రెండు దినములు. మనుమరాలును ప్రక్కన కూర్చుండి, తన చిన్న పిడికిలితో ఎన్ని పిడికిళ్ళైన నా పిడికిలియగునో కొలుచుకొనెడిది. వత్తులు చేయుట నాకంటె దానికే ముందు వచ్చినది. నావి నేటికిని ఒకవైపు లావుగనే యుండును.

గడచిన ధనుర్మాసమున, మొదటినాడు, నివేదన యైన పిమ్మట మొదటి ముద్ద ఆమెకే పెట్టితిని. ఉప్పు మాట ఎత్తలేదు. నిదానముగా నమలి, “ఆవ కొంచెం తగ్గింది” అనెను.

రోలు కడిగి బోర్లించి వచ్చితిని.